కంపెనీ నిధులతో పరుగు పిల్లలను ఎంపిక చేసి తీర్చిదిద్దే విధానం

చిన్న వయసు పరుగు క్రీడాకారుల కోసం హైదరాబాద్‌లోని ఏ సంస్థ అయినా నిధులు కేటాయించదలచినప్పుడు, ఎంపికైన పిల్లలను రాబోయే మూడేళ్లపాటు ఎవరు, ఎక్కడ, ఏ ఖర్చుతో చూసుకుంటారన్నది మొట్టమొదట తేల్చుకోవాలి. కంపెనీల చట్టం, 2013లోని ఏడవ షెడ్యూలు గ్రామీణ, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల శిక్షణను సామాజిక బాధ్యత కింద అనుమతిస్తుంది గాని, మారథాన్ వంటి ఒక్కరోజు కార్యక్రమాలు, సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్‌లు ఆ లెక్కలోకి రావు. అందువల్ల పథకాన్ని ‘కొనసాగే ప్రాజెక్టు’గా బోర్డు చేత ఆమోదింపజేయాలి, అప్పుడు మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం పోను మరో మూడేళ్లు దానిని నడపవచ్చు. అమలుచేసే ట్రస్టుకు సీఎస్‌ఆర్-1 నమోదు, అంటే ఇటువంటి సామాజిక బాధ్యత పనులు చేపట్టేందుకు కేంద్ర కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద నమోదు, ఉండాలి. మొత్తం నిధిలో నాలుగో వంతుకు మించి ఎంపిక పోటీలపై పెట్టరాదని నా గట్టి అభిప్రాయం.

ఫ్లెక్సీలు కట్టి గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియానికి రమ్మని పిలిస్తే, ఇప్పటికే కోచ్ ఉన్న నగరపు పిల్లలే ఎక్కువగా వస్తారు. మండల స్థాయి పాఠశాల క్రీడలకు, గురుకులాలకు మీ మనుషులే వెళ్లి, అక్కడి పీఈటీలను అడిగి పేర్లు రాసుకోవాలి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి కోచ్ నాగపురి రమేశ్ దృష్టిలో పడి హైదరాబాద్‌లో శిక్షణ పొందారు; 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి) విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. ఆమె కుటుంబం వంటి కూలి కుటుంబాలకు నగరం దాకా బస్సు చార్జీలే భారం కనుక, బిడ్డతోపాటు తోడు వచ్చే పెద్దవారి ప్రయాణ ఖర్చును కూడా ముందుగానే చేతికివ్వాలి.

ఎంపికను ఎండలు ముదరకముందే, ఉదయం ఆరు గంటలకల్లా మొదలుపెట్టాలి. నిలబడిన చోటి నుంచి 30 మీటర్లు, వేగం అందుకున్నాక మరో 30 మీటర్లు, నిలుచుని దూకే లాంగ్‌జంప్ చాలు. సమయం ఎలక్ట్రానిక్ పరికరంతోనే కొలవాలి. చేతి గడియారంతో తీసిన 100 మీటర్ల సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాలంటే 0.24 సెకను కలపాలి, పైగా చేతి కొలత మనిషి మనిషికీ మారుతుంది. ఇంతకంటే పెద్ద చిక్కు వయసుతో వస్తుంది. ఆడపిల్లలు సుమారు 12, మగపిల్లలు సుమారు 14 ఏళ్లప్పుడు ఒక్కసారిగా ఎదుగుతారు. ముందుగా ఎదిగిన బిడ్డ ఆనాటికి గెలుస్తాడు, ఆలస్యంగా ఎదిగేవాడు ఓడిపోయి ఇంటికి పోతాడు. నేను తోడు వెళ్లిన ఒక ఎంపికలో, మీసకట్టు వచ్చిన కుర్రాడి వెనుక బక్కపలుచని పిల్లవాడొకడు అడుగు అడుగుకూ దూరం తగ్గించుకుంటూ నాలుగోవాడిగా వచ్చాడు. జాబితా ముగ్గురితోనే ఆగిపోయింది. ఆ నష్టం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కాబట్టి పుట్టిన తేదీ పత్రంతోపాటు ఎత్తు, బరువు నమోదు చేసి, ఎక్కువమందిని తాత్కాలికంగా తీసుకొని, మూడు నెలలు నేర్పిన తరువాత మళ్లీ కొలిచి, మెరుగుదలను బట్టి తుది జాబితా రాయాలి.

శిక్షణ వారానికి నాలుగు రోజులకు మించనక్కరలేదు. పూర్తి వేగపు పరుగులు 30 నుంచి 60 మీటర్లు ఉండాలి, ప్రతి పది మీటర్లకు దాదాపు ఒక నిమిషం విశ్రాంతి ఇవ్వాలి. ఆయాసం తీరకుండా పరుగెత్తిస్తే వేగం పెరగదు, తొడ వెనుక కండరం పట్టేస్తుంది. సింథటిక్ ట్రాక్‌పై వారానికి రెండు రోజులు, మిగతా రోజులు గడ్డి మైదానంలో చేయించడం మోకాళ్లకు మేలు. పాలు, గుడ్లు, పప్పు, పల్లీలకు డబ్బు కేటాయించాలి గాని ప్రోటీన్ పొడి వంటి డబ్బాలకు పైసా ఇవ్వకూడదు, ఎందుకంటే వాటిలో కలిసిన నిషేధిత పదార్థానికి డోపింగ్ పరీక్షలో క్రీడాకారుడే జవాబుదారీ. ఆడపిల్లల బృందానికి మహిళా కోచ్ గాని సహాయకురాలు గాని తప్పక ఉండాలి.

ఒప్పంద పత్రం తెలుగులో రాసి తల్లిదండ్రులకు చదివి వినిపించాలి. మధ్యలో మానుకున్నా డబ్బు తిరిగి కట్టనక్కరలేదన్న వాక్యం అందులో స్పష్టంగా ఉండాలి. కొనసాగించలేని పిల్లలను విద్యా సంవత్సరం మధ్యలో పంపివేయక, వారి సమయాల నమోదు పుస్తకాన్ని సొంత పాఠశాల పీఈటీకి అప్పగించి, మరుసటి ఏడాది పరీక్షకు మళ్లీ పిలవాలి.