సాయం చేద్దామనుకునేవాళ్లకు ఒక సిక్కోలు క్యాషియర్ సలహాలు

శ్రీకాకుళంలో బ్యాంకు క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాను. అందుకే కాబోలు, "ఫలానా సంస్థకు ఓ ఐదువేలు ఇద్దామనుకుంటున్నాను, మంచిదేనా అండీ?" అని ఎవరైనా అడిగితే, ముందు ఖాతా ఎవరి పేరున ఉందో చూస్తాను. సంస్థ పేరునే ఉండాలి. అధ్యక్షుడి సొంత ఫోన్‌పే నంబరుకు కొట్టమంటే అక్కడే ఆగిపోండి. స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరుందో లేదో వెతకండి. ఉన్నంత మాత్రాన పని బాగా చేస్తారని కాదు, అది వెళ్లి కళ్లతో చూడాల్సిందే. విరాళాలకిచ్చే, 80జీ అని పిలిచే ఆదాయపు పన్ను రాయితీ పాత పన్ను విధానంలో రిటర్ను వేసేవాళ్లకే వస్తుంది. నగదుగా ఇస్తే 2,000 దాటకూడదు. రాయితీ కోసం సంస్థ ఇచ్చే విరాళం సర్టిఫికెట్ అడిగి మరీ తీసుకోండి.

విజయనగరం జిల్లా కొత్తవలస మండలం మంగళపాలెంలో గురుదేవా చారిటబుల్ ట్రస్ట్ ఉంది. కాళ్లు, చేతులు కోల్పోయినవాళ్లకు అక్కడ కృత్రిమ అవయవాలు ఉచితంగా అమరుస్తారు. షుగర్ ముదిరి కాలు తీసేసినవాళ్లు మన ఊళ్లలో అరుగు మీదే రోజులు గడిపేస్తుంటారు. ఇలాంటి చోటొకటి ఉందని వాళ్లకు చెప్పేవాళ్లుండరు. మీరు చందా ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఎప్పుడు రావాలో ఫోన్ చేసి కనుక్కుని, ఒక మనిషిని వెంటబెట్టుకెళ్లండి. కొత్తవలస దాకా రైలుంది.

రక్తదానం గురించి ఒక్క మాట. మా దగ్గర నాయకుడి పుట్టినరోజంటే శిబిరం, ఫొటోలు, ఒకేరోజు బోలెడు ప్యాకెట్లు. ఎర్రకణాలు నిలవుండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. కాలేజీలకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఇచ్చేవాళ్లు తగ్గిపోతారు. కాబట్టి ఎండాకాలంలో మీ అంతట మీరే శ్రీకాకుళం రెడ్‌క్రాస్ బ్లడ్ బ్యాంకుకు వెళ్లండి. ఆరోగ్యంగా ఉంటే మగవాళ్లు 3 నెలలకోసారి, ఆడవాళ్లు 4 నెలలకోసారి ఇవ్వొచ్చు.

ఇక మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ముంచిందో జిల్లాలో అందరికీ తెలుసు. అక్కడ రోగిని చూడ్డానికి వెళ్లేవాళ్లు ఉత్త చేతులతో వెళ్లరు కదా, కొబ్బరిబోండాలో, అరటిపళ్లో పట్టుకెళ్తారు. డయాలసిస్ మీదున్న మనిషికి ఆ రెండూ పడవు. వాటిలోని పొటాషియాన్ని చెడిపోయిన కిడ్నీలు బయటికి పంపలేవు, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఇంట్లో కొబ్బరితోట ఉండి కూడా బోండం తాగలేని బతుకు వాళ్లది. మంచినీళ్లు కూడా కొలిచి తాగాలి. అందుకని ఏమైనా కొనేముందు "ఏటి కావాలమ్మా?" అని ఇంటి ఇల్లాలిని అడగండి. ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్ ఉచితమే. కానీ వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, మిషను మీద నాలుగు గంటలు పడుకోవాలి. తోడు వెళ్లినవాళ్ల కూలి ఆ రోజుకు పోయినట్టే. పైగా ఆటో ఖర్చు. నన్నడిగితే, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒక రోగి ఆటో కిరాయి నెలనెలా నేరుగా డ్రైవరుకే కట్టేయడం మేలు. ఒక్కసారిగా పదివేలు ఇచ్చి మాయమయ్యేకంటే నెలకు ఐదొందలు ఆపకుండా ఇచ్చేవాడే అక్కరకొస్తాడు.

పైసా ఖర్చులేని సాయం ఇంకొకటుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. మీ వీధిలో ఎవరైనా చనిపోతే, పెద్దకర్మ దాకా ఆగకుండా, ఇంట్లోవాళ్లను మెల్లగా అడిగి ఆ మనిషి పాస్‌బుక్ తిరగేయండి. మే ఆఖర్లోనో, జూన్‌లోనో 436 రూపాయలు కట్ అయి ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా ఉన్నట్టు. ఒక్కోదానికి 2 లక్షలు వస్తాయి. మొదటిది, చేరి 30 రోజులు దాటి ఉంటే, ఎలా పోయినా ఇస్తారు, రెండోది ప్రమాదమైతేనే. ఎప్పుడో బ్యాంకువాళ్లు పెట్టమన్న చోట వేలిముద్ర వేశారు, డబ్బు కట్ అవుతూనే ఉంది, ఇంట్లో ఎవరికీ తెలీదు. ప్రమాదమంటే రోడ్డు ప్రమాదమే అనుకోకండి. కొబ్బరిచెట్టు మీంచి పడినా, పొలంలో పాము కరిచినా లెక్కలోకి వస్తుంది. అయితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లినట్టు కాగితం ఉండాలి. వేటకెళ్లి సముద్రంలో మునిగిపోతే పోలీసు స్టేషన్‌లో రాయించాలి. బీమా క్లెయిం ఫారానికి మరణ ధ్రువపత్రం, పాస్‌బుక్, నామినీ ఆధార్ జత చేసి నెలలోపే ఖాతా ఉన్న బ్రాంచిలో ఇప్పించండి. ఫారం మీరు నింపండి, సంతకం నామినీతో పెట్టించండి. ఇచ్చినట్టు నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. "రేపు రండి" అంటే మాత్రం కౌంటరు దగ్గర వాదించకుండా నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి కూర్చోండి.