గీజర్ నీళ్లు సన్నగా వస్తున్నాయా? ప్రెషర్ పంపు కొనేముందు ఇవి చూడండి

బెజవాడలోనైనా గుంటూరులోనైనా బోరునీళ్లు వాడే ఇళ్లలో చలికాలం రాగానే ఇదే గోల. చన్నీళ్లు జోరుగానే పడతాయి, గీజర్ వైపు తిప్పగానే ధార దారంలా అయిపోతుంది. షాపువాడు ప్రెషర్ పంపు పెట్టుకోమంటాడు, ప్లంబర్ వస్తే గీజర్ మార్చేయమంటాడు. రెండూ కాసేపు ఆపండి. చాలాసార్లు నీళ్లు వెళ్లే దారిలో ఎక్కడో ఇరుకు చోట సున్నమో చెత్తో పేరుకుని ఉంటుంది, అంతే.

చన్నీళ్లు కూడా నీరసంగా వస్తుంటే మాత్రం గీజర్‌ని తిట్టి లాభం లేదు, చాలాసార్లు ట్యాంకు ఎత్తు చాలకపోవడమే కారణం. మీటరు ఎత్తుకి వచ్చే ప్రెషర్ సుమారు 0.1 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత). స్లాబు మీదే ట్యాంకు పెట్టేసిన ఇంట్లో పై అంతస్తు షవర్‌కి రెండు మీటర్ల ఎత్తు దొరికితే గొప్ప, ఆ మాత్రానికి వెడల్పాటి రెయిన్ షవర్ కొనడం దండగ. ట్యాంకు కింది దిమ్మె ఎత్తు పెంచాలి, లేదా అప్పుడు పంపు పెట్టాలి, అదీ గీజర్ ఎన్ని బార్లు తట్టుకుంటుందో దాని మీద చూసుకున్నాకే.

ఒక్క షవర్లోనే తగ్గితే దాని తల విప్పి, వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నింపిన దగ్గర్నుంచే మొదలైతే పైపులో గాలి పట్టి ఉంటుంది, వేడినీళ్ల ట్యాపులన్నీ పూర్తిగా తిప్పి కాసేపు వదిలేయండి.

ఇంట్లో అన్నిచోట్లా వేడినీళ్లే తగ్గాయా, అయితే గీజర్ దగ్గరికి రండి. స్విచ్ ఒక్కటే కాదు, ఎంసీబీ (కరెంటు బోర్డులో గీజర్‌ లైనుకుండే బ్రేకర్) కూడా దించి, లోపలి నీళ్లు చల్లారేదాకా ఆగండి. గీజర్ తనంతట తాను నీళ్లు తోయదు, చన్నీళ్లు లోపలికి వెళ్లి నెడితేనే వేడినీళ్లు బయటికొస్తాయి, కాబట్టి తప్పు చన్నీళ్ల వైపు కూడా ఉండొచ్చు. మామూలుగా నీలం రింగు లోపలికి, ఎర్ర రింగు బయటికి. నీలం వైపు యాంగిల్ కాక్ (గోడలోంచి వచ్చే పైపుకి ఉండే చిన్న ట్యాపు) పూర్తిగా తెరిచి ఉందా చూడండి (రిపేరుకొచ్చినవాళ్లు సగం తిప్పి వెళ్లిపోవడం మామూలే). తర్వాత దాన్ని కట్టేసి, కనెక్షన్ పైపుని గీజర్ వైపు ఊడదీసి బకెట్లో పెట్టి కాక్ తిప్పండి. గీజర్లోంచి కూడా కొన్ని నీళ్లు కారతాయి, కంగారు పడకండి. బకెట్లో ధార సన్నగా ఉంటే కాక్‌లోనో పైపులోనో అడ్డుంది. జోరుగా ఉంటే గీజర్ మూతి దగ్గరుండే సేఫ్టీ వాల్వు చూడాలి. అందులో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చిన్న స్ప్రింగు మూత ఉంటుంది, ట్యాంకు అడుగున చేరిన ఇసుక వచ్చి అక్కడే ఇరుక్కుంటుంది. విప్పి కడిగి, పుల్లతో నొక్కితే మూత కదలాలి. కదలకపోతే కొత్తది వేయండి. ఆ వాల్వు పక్క గొట్టంలోంచి చుక్కలు కారుతున్నాయని కొందరు బిరడా బిగిస్తారు, ఇంకొందరు వాల్వే పీకేస్తారు. ప్రెషర్ పెరిగితే బయటికి పోయే దారి అదే బాబూ, దాన్ని మూయొద్దు, తీసేయొద్దు.

ఇక ఎర్ర వైపు. నీళ్లు కాగినకొద్దీ అందులోని కాల్షియం పొరలా అంటుకుంటుంది, అందుకే ఒకే బోరు నీళ్లైనా వేడినీళ్ల పైపే ముందు పూడుతుంది. ఆ పైపు ఊడదీసి వంచితే లోపల కరకరమని పెచ్చులు రాలతాయి. శుభ్రం చేస్తూ కూర్చోకుండా కొత్తది వేసేయండి. గీజర్ లోపలి సున్నం మాత్రం మెకానిక్‌తోనే తీయించండి. థర్మోస్టాట్ (వేడి ఎంతో సెట్ చేసే మీట) 75 డిగ్రీల దగ్గర కాకుండా 60 దగ్గర ఉంచితే మళ్లీ అంత త్వరగా పేరుకోదు.

బెజవాడ వన్‌టౌన్‌లో, గుంటూరు బ్రాడీపేటలో పాత ఇళ్లకి గోడలో ఇనప పైపులుంటే అవి లోపల తుప్పుపట్టి ఇరుకైపోతాయి, వాటికి మందు లేదు, వేడిని తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ లైను వేయించుకోవాల్సిందే. మామూలు పీవీసీ వేడికి మెత్తబడిపోతుంది.

అన్నీ బిగించాక వేడినీళ్ల ట్యాపు తిప్పి ఉంచి, గాలి పోయి ధార ఆగకుండా పడేదాకా చూసి, అప్పుడే ఎంసీబీ ఎత్తండి. ఖాళీ గీజర్‌కి కరెంటు ఇస్తే కాయిల్ కాలిపోవచ్చు.