ఒంటి మీద ఎర్ర మచ్చలా? ముందు ట్యూబు వెనక్కి తిప్పి చదవండి

మచ్చ కనబడగానే మందుల షాపుకు వెళ్ళకండి. ఒక గాజు గ్లాసు దాని మీద నొక్కి చూడండి. నొక్కినా ఎరుపు పోకపోతే చర్మం లోపల రక్తం చిమ్మినట్టు. పూతమందులు పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం కూడా ఉంటే గ్లాసుతో పనే లేదు, డెంగ్యూ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి రక్తపరీక్ష చేయించండి.

ఒకచోట తగ్గి ఇంకోచోట లేస్తుంటే దద్దుర్లు. సెట్రిజిన్‌తో చాలావరకు తగ్గుతాయి. పెదవులు, కళ్ళు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

ఎండాకాలం మెడ మీద, వీపు మీద సన్నటి పొక్కులు చెమటకాయలు. గాలి తగలనిస్తే చాలు.

రాత్రిళ్ళు దురద, వేళ్ళ సందుల్లో పొక్కులు, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే గజ్జి. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును డాక్టరు చెప్పినట్టు ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి, వారానికి మళ్ళీ రాయాలి. దురద ఉన్నవాళ్ళు మాత్రమే రాసుకుంటే మళ్ళీ అంటుకుంటుంది.

మచ్చ క్రీము రాస్తే రెండు రోజుల్లో తగ్గి, ఆపితే ఇంకా పెద్దదిగా వస్తుంటే నేను ఎక్కువ భయపడేది దీనికే. ఇది తామర, ఫంగస్ వల్ల వచ్చేది. దాన్ని పెంచుతున్నది మీరు రాస్తున్న క్రీమే.

షాపులో "తామరకు ఏదైనా ఇవ్వండి" అంటే చాలాసార్లు మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు చేతికొస్తుంది. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపునూ దురదనూ అణుస్తుంది, ఫంగస్‌ను మాత్రం చంపదు. పైగా చర్మం ఫంగస్‌తో పోరాడటం మానేస్తుంది. కొన్నాళ్ళకు తామరకు గుర్తయిన గుండ్రటి అంచు చెరిగిపోతుంది, అప్పుడు డాక్టరు కూడా పోల్చుకోలేడు. నేనూ మోసపోయాను. లంగా బొందు కట్టే చోట మచ్చలతో వచ్చిన ఒకామెకు ఎగ్జిమా అనుకుని మందు రాశాను. రెండు వారాలకు మచ్చలు పొట్ట మీదికి పాకాయి. ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ తెమ్మంటే ఒకదాని మీద క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ పేరు ఉంది. చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ కనబడింది. మొదటి రోజే ఆ ట్యూబు గురించి అడిగి ఉండాల్సింది.

ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్ పేర్లు వెతకండి. 2018లో ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నియమం పెట్టింది, అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు.

మీ ట్యూబు మీద ఆ పేర్లలో ఏదైనా ఉంటే దాన్ని ఆపేయండి. కొన్ని రోజులు ఎరుపు, దురద పెరుగుతాయి. టెన్షన్ పడి మళ్ళీ అదే రాయకండి. ముఖానికి నెలల తరబడి రాసినవాళ్ళు మాత్రం డాక్టరు సలహాతోనే ఆపాలి. లులికొనజోల్ లాంటి ఒట్టి ఫంగస్ మందును మచ్చ దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు కొనసాగించాలి. ఒళ్ళంతా పాకితే మాత్రలు కావాలి, అవి డాక్టరే రాయాలి. తువ్వాలు ఎవరిది వాళ్ళకే ఉండాలి. లోదుస్తులు ఎండలో ఆరేసి ఇస్త్రీ చేయండి, తడి ఒంటి మీద బట్టలు వేసుకోకండి. ఇంట్లో ఇంకొకరికి ఉంటే ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి.

సోరియాసిస్, లూపస్ లాంటి జబ్బులు తక్కువ, వాటిని డాక్టరుకు వదిలేయండి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే మాత్రం అది కుష్ఠు కావచ్చు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి, అక్కడ దానికి మందు ఉచితం.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్ళండి.