వృత్తి నిపుణుడు నేరస్థుడయ్యే డార్క్ కామెడీ కథను ఎలా అల్లుకోవాలి?

డార్క్ కామెడీ, అంటే చావు, నేరం వంటి చీకటి విషయాల్లోంచి నవ్వు పుట్టించే తరహా క్రైమ్ సినిమా రాయాలనుకునేవారిలో చాలామంది నేరంతో మొదలుపెడతారు. శవం ఎక్కడ బయటపడాలి, డబ్బు సంచి ఎవరి చేతికి చిక్కాలి, ఎవరు ఎవరిని మోసగించాలి అన్న ముడులన్నీ ముందుగా వేసుకుని, ఆ తరువాత వాటి మధ్య ఒక ఆడిటర్‌నో, డాక్టర్‌నో, సేల్స్ మేనేజర్‌నో తెచ్చి నిలబెడతారు. అలా తయారైన కథలో కథానాయకుడి ఉద్యోగాన్ని మార్చివేసినా ఒక్క సన్నివేశమూ చెక్కుచెదరదు. పతనమయ్యేవాడు నలుగురిలో పేరున్న సాధారణ ఉద్యోగి అయినప్పుడు, అతన్ని అంతవరకు నిలబెట్టిన పనితనమే అతన్ని ముంచాలి. హాస్యమూ నేరమూ రెండూ అక్కడినుంచే పుట్టాలి.

కాబట్టి మొదట చేయవలసిన పని ఆ వృత్తిని తెలుసుకోవడం. అతను రోజూ ఏ కాగితాల మీద సంతకం చేస్తాడు, అతని సంతకాన్ని ఎవరు సరిచూస్తారు, ఎవరూ సరిచూడనిది ఏమిటి, ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురైతే ఏ మాట చెప్పి తప్పించుకుంటాడు అన్న వివరాలు చేతికి వచ్చేదాకా కథ జోలికి పోకూడదు. హాలీవుడ్ దర్శకులు కోయెన్ సోదరులు తీసిన ‘ఫార్గో’ (1996) సినిమా ఈ విషయంలో చక్కని పాఠం. అందులో జెర్రీ లండెగార్డ్ కార్ల షోరూమ్‌లో సేల్స్ మేనేజర్. లేని కార్లను ఉన్నట్టు చూపి 3 లక్షల 20 వేల డాలర్లు అప్పు తెచ్చాడు. ఫైనాన్స్ కంపెనీవారు ఆ కార్ల సీరియల్ నంబర్లు అడిగితే అంకెలు చదవడానికి వీలులేని కాపీ పంపి, మళ్ళీ పంపుతానంటూ రోజులు నెట్టుకొస్తాడు. తరువాత మామగారి నుంచి సొమ్ము రాబట్టడానికి సొంత భార్యనే కిడ్నాప్ చేయించినప్పుడు, విడుదలకు అడిగేది 80 వేల డాలర్లని, అందులో సగం మీదని కిడ్నాపర్లకు చెబుతాడు. మామగారికి మాత్రం 10 లక్షలని చెబుతాడు. భార్య ప్రాణం విషయంలో కూడా మార్జిన్ వదులుకోలేని సేల్స్‌మన్ బుద్ధి అది. రచయిత పక్కనుండి జోకు వేయవలసిన అవసరమే అక్కడ రాలేదు.

మొదటి తప్పు చిన్నదిగా ఉండాలి. అతని స్థానంలో మనమున్నా బహుశా అదే చేసేవాళ్ళమేమో అని ప్రేక్షకుడికి అనిపించాలి. ఆ తరువాత, వెనక్కి తగ్గే అవకాశాన్ని కనీసం రెండుసార్లు అతని ముందు ఉంచండి. ఒకసారి తన పరువుకో, అత్యాశకో లొంగి తానే దాన్ని కాలదన్నుకోవాలి; మరోసారి నిజంగానే ఆగుదామనుకున్నప్పుడు ఆలస్యమైపోవాలి. జెర్రీ కూడా కిడ్నాప్‌ను ఆపాలనే చూస్తాడు, కానీ ఆ మనుషులను అందుకునే దారి అతని దగ్గర లేదు.

కథ మధ్యభాగం తడబడకుండా ఉండాలంటే అబద్ధాలకు ఒక పద్దుపుస్తకం పెట్టుకోవాలి. ప్రతి అబద్ధానికీ ఒక వరుస కేటాయించి, ఎవరితో చెప్పాడు, దాన్ని నిలబెట్టడానికి ఏం కావాలి, అది ఎవరి దగ్గర ఉంది అని రాసుకోండి. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఇంకొక కొత్త మనిషికి ఇంకొక అబద్ధం చెప్పవలసి వస్తున్నంతకాలం కథ తనంతట తానే నడుస్తుంది. ఏ వరుసైనా మధ్యలో అనాథగా మిగిలితే ఆ అబద్ధం విన్న పాత్రను తీసివేయడమే మంచిది. యాదృచ్ఛిక సంఘటనలు వాడుకోవచ్చు గాని, అవి అతన్ని ఇంకా ఇరికించాలే తప్ప ఒక్కసారి కూడా గట్టెక్కించకూడదు.

ఇక హాస్యం. తాను కామెడీలో ఉన్నానన్న సంగతి ఏ పాత్రకూ తెలియకూడదు. ఒక ఆడిటర్‌ను బ్లాక్‌మెయిలర్ డబ్బు అడుగుతున్నాడనుకోండి. ఆడిటర్ వణుకుతూనే, వాయిదాల్లో ఇస్తానని బేరమాడి, చెల్లించిన ప్రతిసారీ వోచర్ మీద సంతకం పెట్టించుకుని, ఆ మొత్తాన్ని చిల్లర ఖర్చుల కింద చూపిస్తాడు. ఇతరుల లెక్కల్లో ఆధారం లేని ఖర్చు కనిపిస్తే సహించలేక ఇరవై ఏళ్ళుగా ఎర్ర సిరాతో గీతలు గీసిన చేయి అది. తన మెడకు చుట్టుకుంటుందని తెలిసినా ఆ వోచర్‌ను చించలేదు. ఈ సన్నివేశంలో ఇద్దరూ ఎంత గంభీరంగా మాట్లాడితే నవ్వు అంత పండుతుంది. బ్లాక్‌మెయిలర్ నోట పంచ్ డైలాగు పెట్టారంటే పని చెడినట్టే.

అయితే దెబ్బ తిన్నవారి నొప్పిని తేలిక చేయకూడదు. ఈ తరహా సినిమాలు ఎక్కువగా దారితప్పేది ఇక్కడే. ‘ఫార్గో’లో ముఖానికి ముసుగు వేసిన ఆ భార్య మంచులో దారి కానక అటూ ఇటూ పరుగెడుతుంటే కిడ్నాపర్లలో ఒకడు పగలబడి నవ్వుతాడు. నవ్వును వాడి నోటికి అప్పగించడం వల్లనే మన నవ్వు గొంతులో ఆగిపోతుంది.

పోలీసు పాత్ర గురించి ఎక్కువగా మథనపడనక్కర్లేదు. మహామేధావి అవసరం లేదు, మర్యాదగా మామూలు ప్రశ్నలు అడిగేవారు చాలు. ‘ఫార్గో’లో గర్భవతి అయిన పోలీసు అధికారిణి మార్జ్ జెర్రీని అడిగేది, షోరూమ్ నుంచి కారేదైనా పోయిందా అనే. సరుకు లెక్కచూసి వస్తానని విసురుగా లేచినవాడు కారెక్కి పారిపోతాడు.

ముగింపు దగ్గర చాలామంది సంకెళ్ళతో సరిపెట్టుకుంటారు. నేరస్థుడికి శిక్ష తప్పకూడదన్న ప్రొడక్షన్ కోడ్ అనే సినిమా నియమావళి హాలీవుడ్‌లో 1934 నుంచి గట్టిగా అమలవుతున్న కాలంలోనే దర్శకుడు బిల్లీ వైల్డర్ ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) తీశాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు అయిన కథానాయకుడిని గ్యాస్ చాంబర్‌లో చంపే సన్నివేశాన్ని చిత్రీకరించి కూడా, దాన్ని పక్కనపెట్టి, సినిమాను ఇన్సూరెన్స్ ఆఫీసు గుమ్మం దగ్గరే ఆపేశాడు. క్లెయిములు పరిశీలించే సహోద్యోగి, అంతకాలం తనను నమ్మినవాడు, ఎదురుగా నిలబడి చూస్తుండటం మరణశిక్ష కంటే బరువైనదని నా అభిప్రాయం. మన ఆడిటర్ కథకైతే, ఆధారం లేని ఖర్చును ఎలా పట్టుకోవాలో అతని దగ్గరే నేర్చుకున్న జూనియర్ ఆ వోచర్ల కట్ట ముందు కూర్చోవాలి. ఆ సన్నివేశాన్ని మొదటే రాసి పెట్టుకుంటే, జూనియర్‌ను కథలోకి ఎప్పుడు తీసుకురావాలో, అతనికి గురువు మీద ఎంత గౌరవం కల్పించాలో తేలికగా నిర్ణయించుకోవచ్చు.