పాత టీమ్ వెళ్లేలోపే సపోర్ట్ పని నేర్చుకోవడం ఎలా

సాఫ్ట్‌వేర్ సపోర్ట్ వేరే కంపెనీకి ఇచ్చేటప్పుడు అందరూ ముందు డాక్యుమెంట్లు అడుగుతారు. నేనైతే టికెట్లు, అంటే సపోర్ట్‌కి వచ్చిన ఫిర్యాదుల రికార్డులు, అడుగుతాను. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు, స్టాకు చూసే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ పని నాది. పోయిన ఏడాది టికెట్లన్నీ ఎక్సెల్‌లోకి దించి, ఏది ఎవరు క్లోజ్ చేశారో చూడండి. ఒక రకం సమస్య ఎప్పుడూ ఒకే మనిషి దగ్గర తేలుతోందంటే, ఆ పని ఆ మనిషి తలలోనే ఉందన్నమాట. కేటీలో, అంటే పాతవాళ్లు కొత్తవాళ్లకు పని నేర్పే రోజుల్లో, ఎక్కువ టైమ్ వాళ్లతోనే పెట్టుకోండి.

మాకు అలాంటిది వేబ్రిడ్జ్, అంటే లోడు బళ్లను తూచే కాటా. టికెట్‌లో ఉన్నది ఒక్క ముక్క: 'పీరియడ్ ఎర్రర్, సరిచేశాం.' పీరియడ్ అంటే లెక్కల నెల. జామకాయ లోడు వచ్చిన రోజు అదే ఎర్రర్ పడింది. కొత్త టీమ్ అబ్బాయి ఎస్‌ఏపీలో పీరియడ్ సెట్టింగ్ తెరవబోతే, పాతాయన ఆపి కాటా గదికి తీసుకెళ్లారు. కంప్యూటర్‌లో తేదీ ఏళ్ల వెనక ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోవడంతో, కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది. ఆ తేదీతో వెళ్లిన తూకాన్ని, మూసేసిన పీరియడ్ అని ఎస్‌ఏపీ తీసుకోవడం లేదు. ఆయన ప్రతిసారీ తేదీ చేత్తో మార్చి వచ్చేసేవారట. బ్యాటరీ ఆ రోజే మార్పించాం. కేటీ మీటింగులు ఎన్ని పెట్టినా ఇది బయటికి వచ్చేది కాదు.

అందుకే మొదటి రెండు వారాలు కొత్తవాళ్లు చూడాలి, ఆ తర్వాత కీబోర్డు వాళ్లకే ఇచ్చేయాలి. పాతవాళ్లు పక్కన కూర్చోవాలి గానీ మౌస్ ముట్టుకోకూడదు. ఒక నెలాఖరు లెక్కల క్లోజింగ్ అయినా ఇలా జరగాల్సిందే.

జూన్, జూలైలలో తోతాపురి దిగేటప్పుడు మాత్రం కేటీ పెట్టుకోకండి. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరితే నేర్పే ఓపిక ఎవరికీ ఉండదు. మేం సంక్రాంతి కాగానే మొదలుపెట్టాం. అయినా సీజన్ రద్దీ కొత్తవాళ్లు చూడలేదు కాబట్టి, అది ముగిసేదాకా పాత టీమ్‌లో ఒకరు ఫోన్‌లో దొరకాలని ఒప్పందంలో రాయించుకోండి. పాత కంపెనీకి నోటీసు ఇచ్చేముందే ఆ మాట తేల్చుకోవాలి.

ఇంకొకటి. వెళ్లిపోయేవాళ్ల సొంత యూజర్ ఐడీల మీద ఏ జాబ్‌లు, అంటే టైమ్‌కి వాటంతటవే నడిచే పనులు, నడుస్తున్నాయో ఎస్‌ఏపీలోని ఎస్‌ఎం37 స్క్రీన్‌లో చూసి, ఏ మనిషిదీ కాని సిస్టమ్ యూజర్ మీదికి మార్చండి. ఐడీ లాక్ అయితే ఆ జాబ్‌లూ ఆగిపోతాయి. మార్చాక కూడా ఆ ఐడీలను వెంటనే డిలీట్ చేయకండి. లాక్ చేసి, ఒక నెలాఖరు దాటేదాకా రోజూ పొద్దున్నే ఫెయిలైన జాబ్‌ల లిస్టు చూస్తూ ఉండండి.