కుంగుబాటు మీద కుంగుబాటు: రెండు పొరలకూ చికిత్స చేయించుకోవడం ఎలా

"వాడు చిన్నప్పటి నుంచీ అంతే, ముభావి" అని ఇంట్లో వాళ్లు సర్దుకుపోయిన మనిషి, ఉన్నట్టుండి పక్క మీద నుంచి లేవలేని స్థితికి వచ్చినప్పుడు, రెండు రకాల కుంగుబాటు ఒకదాని మీద ఒకటి చేరి ఉండవచ్చు. అడుగున ఏళ్ల తరబడి సన్నగా సాగే కుంగుబాటును డిస్థైమియా అంటారు. దాని మీదికి తీవ్రమైన కుంగుబాటు వచ్చి పడితే ఆ స్థితికి 1980ల ఆరంభంలో వైద్యులు 'డబుల్ డిప్రెషన్' అని పేరు పెట్టారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని దీర్ఘకాలిక కుంగుబాటు అనే విశాలమైన వర్గంలో కలిపింది గానీ, రోగికీ ఇంటివారికీ పాత పేరే సులువుగా అర్థమవుతుందని నా అభిప్రాయం.

ఈ రెంటినీ వేరు చేసి చూపేది ముఖ్యంగా కాలం, తీవ్రత. పెద్దవారిలో కనీసం 2 ఏళ్లు, పిల్లల్లో 1 ఏడాది, ఎక్కువ రోజులు దిగులుగానే గడుస్తూ, నడుమ వరసగా 2 నెలలకు మించి తెరిపి లేకపోతే అది అడుగు పొర. నిద్ర, ఆకలి, ఏకాగ్రత, ఓపికల్లో తేడా వంటి 9 లక్షణాల్లో కనీసం 5, దిగులో అనాసక్తో తప్పనిసరిగా అందులో ఒకటిగా, 2 వారాల పాటు దాదాపు ప్రతిరోజూ కనబడితే అది పై పొర. అడుగు పొరలో ఉన్న ఇల్లాలు వంట చేస్తుంది, పిల్లలను బడికి పంపుతుంది, దేనిలోనూ రుచి మాత్రం ఉండదు. పై పొర కమ్మినప్పుడు, పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా పక్కనే నిలబడి చూస్తూ ఉంటుంది, చెయ్యి చాచి మంట తగ్గించాలన్న తలంపు కూడా రాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఒక కాగితం మీద అడ్డంగా గీత గీసి, పదో తరగతి, ఉద్యోగం, పెళ్లి, కాన్పు, ఇంట్లో మరణం వంటి గుర్తులు పెట్టి, ఏ కాలంలో మనసు ఎలా ఉండేదో రాసుకోండి. వీలైతే తోబుట్టువులనో జీవిత భాగస్వామినో అడిగి సరిచూసుకోండి, ఎందుకంటే కుంగుబాటులో ఉన్న మనిషికి గతమంతా ఒకే రంగులో కనబడుతుంది. నిద్ర అవసరమే లేనంత హుషారుగా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతూ గడిపిన రోజులేవైనా ఉంటే తప్పక చెప్పండి. అది బైపోలార్ సమస్య, అంటే ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు, కావచ్చు, అప్పుడు కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే ఉద్రేకం పెరిగే ప్రమాదం ఉంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 లోపం కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి కాబట్టి రక్తపరీక్షల సంగతి అడగండి. మద్యం అలవాటును దాచకండి.

చికిత్సలో మందులు, మాటల చికిత్స రెండూ కలిసి నడిస్తే మేలు. దీర్ఘకాలిక కుంగుబాటు ఉన్న 681 మందితో అమెరికాలో జరిగి 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, మందు ఒక్కటే వాడినవారిలోనూ, మాటల చికిత్స ఒక్కటే పొందినవారిలోనూ 48 శాతం మందికి గుణం కనిపించగా, రెండూ కలిపి పొందినవారిలో అది 73 శాతానికి చేరింది. అప్పుడు వాడిన నెఫజొడోన్ కాలేయానికి చేటు చేస్తుందని తరువాత చాలా దేశాల్లో వాడకం నుంచి తప్పుకుంది. ఇప్పుడు సాధారణంగా సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి రాస్తారు. ఇవి పూర్తిగా పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి వంటివి మొదటి వారంలోనే రావచ్చు కాబట్టి, చాలామంది ఫలితం చూడకముందే మాత్రలు మానేస్తారు.

అసలు పొరపాటు జరిగేది ఆ తరువాత. పై పొర తొలగగానే మనిషి లేచి పనిలోకి వెళతాడు, "మళ్లీ ఎప్పటిలా అయ్యాడు" అని ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది, మందు ఆగిపోతుంది. ఆ 'ఎప్పటిలా' అన్నదే అడుగు పొర, అంటే చికిత్స అందని జబ్బు. దాన్ని అలాగే వదిలేస్తే తీవ్రమైన దఫా తిరగబెట్టే అవకాశం ఎక్కువ. అందుకే డాక్టరు "ఎలా ఉంది?" అన్నప్పుడు "మునుపటిలా ఉంది" అని ఊరుకోకుండా, నచ్చిన కూర నోటికి రుచిగా తగులుతోందా, పొరుగువారు పలకరిస్తే విసుగు రాకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నది విడమరచి చెప్పండి.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని ఇంటివారు నేరుగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. సేద్యం చేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలను ఇంటికి దూరంగా తాళం వేసి ఉంచాలి, మాత్రలు మరొకరి చేతిలో ఉండాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి, 14416 నంబరుకు, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఫోన్లతో ఆలస్యం చేయకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రెండు పొరలూ తగ్గాక కూడా మందు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి కొనసాగించాల్సి వస్తుంది. ఆపే రోజు వచ్చినప్పుడు డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ, మొదట గీసిన ఆ కాగితం మీదే, మనసు తేలిగ్గా ఉంటే గీతకు పైన, దిగులుగా ఉంటే కింద, వారానికొక గుర్తు పెట్టండి. గుర్తు వరసగా రెండు వారాలు కిందికి దిగితే, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ కాగితం పట్టుకుని డాక్టరును కలవండి.