కాలిఫోర్నియాలో పాత యజమాని ఎగ్గొట్టిన జీతాన్ని స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ద్వారా రాబట్టుకోవడం ఎలా?

కాలిఫోర్నియా చట్టం ప్రకారం యజమాని ఉద్యోగిని తొలగిస్తే ఆ రోజే, ఉద్యోగి 72 గంటల ముందు చెప్పి మానేస్తే ఆఖరి పనిదినాన, చెప్పకుండా మానేస్తే 72 గంటల లోపు బాకీ జీతమంతా చెల్లించాలి. "వచ్చే నెల చూద్దాం" అంటూ తిప్పించుకునే యజమాని మీద లాయరు అవసరం లేకుండా దావా వేయడానికి స్మాల్ క్లెయిమ్స్ కోర్టు వీలు కల్పిస్తుంది. ఇక్కడ ఒక వ్యక్తి 12,500 డాలర్ల వరకు అడగవచ్చు.

అయితే ఇదే సరైన దారా అన్నది ముందు తేల్చుకోవాలి. జీతాల ఫిర్యాదులు చూసే రాష్ట్ర లేబర్ కమిషనర్ కార్యాలయంలో రుసుమేమీ లేకుండా ఫిర్యాదు చేయవచ్చు కనుక, ఏళ్ల తరబడి పేరుకుపోయిన ఓవర్‌టైమ్, భోజన విరామాల వంటి చిక్కు లెక్కలకు అదే మేలని నా అభిప్రాయం. బాకీ స్పష్టంగా ఉండి, కాగితాలు చేతిలో ఉన్నప్పుడు స్మాల్ క్లెయిమ్స్ అనువుగా ఉంటుంది. కానీ దావా వేసినవారు ఓడిపోతే అప్పీలుకు వెళ్లలేరు; ఆ హక్కు ప్రతివాదికి మాత్రమే, అదీ 30 రోజుల్లోపు, ఉంటుంది. వీసా స్థితి ఏదైనా, చేసిన పనికి జీతం అడిగే హక్కు పోదు. మనవాళ్లలో చాలామందికి ఎదురయ్యే హెచ్‌-1బి వీసాదారుల "బెంచ్" జీతం (ప్రాజెక్టు లేక ఖాళీగా ఉంచిన కాలానికి రావలసిన జీతం) సంగతి మాత్రం వేరు. దానికి ఫెడరల్ కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్‌-4 ఫారంతో 12 నెలల్లోపు ఫిర్యాదు చేయాలి.

తర్వాత లెక్క కట్టాలి. గంటకు 20 డాలర్ల చొప్పున రోజుకు 8 గంటలు పనిచేసినవారికి రెండు వారాల జీతం, అంటే 80 గంటలకు 1,600 డాలర్లు, రావాలనుకుందాం. కావాలనే ఆఖరి జీతం ఆపినట్టు తేలితే, ఆలస్యమైన ప్రతి రోజుకూ ఒక రోజు జీతం చొప్పున గరిష్ఠంగా 30 రోజుల వరకు జరిమానా కూడా అడగవచ్చు. రోజుకు 160 చొప్పున అది 4,800 అవుతుంది, మొత్తం 6,400 డాలర్లు. అసలు కంటే జరిమానాయే మూడింతలు కావడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. గడువులు కూడా చూసుకోవాలి: నోటిమాట ఒప్పందానికి 2 సంవత్సరాలు, కనీస వేతనం, ఓవర్‌టైమ్‌లకు 3, రాతపూర్వక ఒప్పందానికి 4.

ఈ లెక్కను పేజీకి మించని లేఖలో రాసి, చెల్లించడానికి తేదీ పెట్టి, యజమానికి పంపి నకలు దాచుకోవాలి. ముందుగా డబ్బు అడిగారా అని దావా ఫారంలో ప్రశ్న ఉంటుంది.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది ప్రతివాది పేరు. హోటలు బోర్డు మీద కనిపించే పేరు ఒకటి, జీతం ఇచ్చే ఎల్‌ఎల్‌సి (ఒక రకం కంపెనీ) పేరు ఇంకొకటి కావచ్చు. తప్పు పేరు మీద తీర్పు తెచ్చుకుంటే, తీర్పులను అమలు చేసే కౌంటీ అధికారి షెరీఫ్ కూడా ఏమీ వసూలు చేయలేకపోవచ్చు. యజమాని చట్టబద్ధమైన పేరు, చిరునామా పేస్టబ్ (జీతం చీటీ) మీద ఉండి తీరాలి కనుక మొదట అక్కడే చూడాలి. ఆ పేరును, కంపెనీలు నమోదయ్యే రాష్ట్ర కార్యాలయమైన సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైటులో వెతికితే, కంపెనీ తరఫున కోర్టు కాగితాలు తీసుకునే ఏజెంటు ఎవరో తెలుస్తుంది.

ఎస్‌సి-100 ఫారం నింపి, పని చేసిన కౌంటీలోని కోర్టులో దాఖలు చేయాలి. రుసుము 1,500 డాలర్ల వరకు 30, 5,000 వరకు 50, ఆపైన 75 డాలర్లు. పై ఉదాహరణలో 75 అవుతుంది. ఆదాయం తక్కువగా ఉన్నవారు ఎఫ్‌డబ్ల్యూ-001 ఫారంతో మినహాయింపు కోరవచ్చు. తెలుగు దుభాషి కావాలంటే ఐఎన్‌టి-300 ఫారంతో ముందే అడగాలి.

కాగితాలను యజమానికి మీరే అందించకూడదు. 18 ఏళ్లు నిండిన, కేసుతో సంబంధం లేని వ్యక్తి, ప్రతివాది అదే కౌంటీలో ఉంటే విచారణకు కనీసం 15 రోజుల ముందు, వేరే కౌంటీలో ఉంటే 20 రోజుల ముందు అందించి, ఎస్‌సి-104 ఫారం మీద, అందించినట్టు ధ్రువీకరిస్తూ, సంతకం చేయాలి.

విచారణ చాలాసార్లు కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. పేస్టబ్‌లు, పని వేళల పట్టిక, మేనేజరుతో నడిచిన మెసేజీలు మూడు ప్రతులుగా తీసుకెళ్లాలి: ఒకటి జడ్జికి, ఒకటి అవతలివారికి, ఒకటి మీకు. ఫోను తెరిచి చూపిస్తానంటే కుదరకపోవచ్చు కనుక మెసేజీలను తేదీ కనిపించేలా ప్రింటు తీయడం మంచిది. అవమానాల కథ పక్కనపెట్టి తేదీలు, గంటలు, డాలర్లు చెబితే చాలు.

గెలిచినా కోర్టు డబ్బు వసూలు చేసి ఇవ్వదు. అప్పీలు గడువు ముగిసినా చెల్లించకపోతే, ఈజె-130 ఫారంతో అమలు ఉత్తర్వు తీసుకుని షెరీఫ్‌కు అందించాలి. యజమాని గతంలో ఇచ్చిన చెక్కు ఫొటో ఇక్కడే అక్కరకొస్తుంది, ఎందుకంటే వారి బ్యాంకు పేరు, ఖాతా నంబరు దాని అడుగున ఉంటాయి. దుకాణమో హోటలో అయితే, షెరీఫ్ కౌంటరు దగ్గరికే వచ్చి గల్లాపెట్టెలోని నగదు తీసుకునే ఏర్పాటు కూడా ఉంది. తీర్పు 10 సంవత్సరాలు చెల్లుతుంది, బాకీ మీద ఏడాదికి 10 శాతం వడ్డీ నడుస్తుంది. పూర్తి సొమ్ము అందాక, ఆ సంగతి తెలుపుతూ ఎస్‌సి-290 ఫారం కోర్టులో దాఖలు చేయవలసిన బాధ్యత మీదే.